నౌక మీద వాలిన తొలి వైమానికుడు - యూజీన్ ఈలీ

మానవుడు గగనతలంలో విహరించగలిగిన వృత్తాంతం విద్యార్థులందరికీ సుపరిచితమే. 1903 డిసెంబరు 17వ తేదీన రైట్ సోదరులు కిట్టీహాక్ ఇసుక తిన్నెల మీద సాధించిన విజయం పాఠ్యగ్రంథాలలో స్థానం పొందింది. అయితే ఎగరడం ఒక విద్య, దిగడం మరొక విద్య. విశాలమైన మైదానంలో దిగడమే ప్రాణాపాయంగా ఉన్న ఆ తొలి దినాలలో, నీటి మీద నిలిచిన ఓడపైన, కొద్దిపాటి చెక్కల అరుగు మీద దిగి క్షేమంగా నిలువవచ్చునని నిరూపించిన యువకుడు ఒకడున్నాడు. ఆయన పేరు యూజీన్ బర్టన్ ఈలీ. ఆయన సైనికుడు కాడు, నావికుడు కాడు. ఈత కూడ రానివాడు. నేడు ప్రపంచ సముద్రాలలో సంచరించే మహత్తరమైన విమానవాహక నౌకలలో అధిక భాగం ఆయన ఆనాడు పరీక్షించి చూపిన ఉపాయం మీదనే ఆధారపడి ఉన్నవి. ఇరవై అయిదేళ్లు కూడ నిండకుండానే ముగిసిన ఆ జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయడమే ఈ వ్యాస ఉద్దేశం.

శకలాల నుండి నేర్చిన విద్య

ఈలీ 1886 అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, విలియమ్స్‌బర్గ్ ప్రాంతంలో జన్మించాడు. అదే రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ నగరంలో పెరిగాడు. అయోవా మొక్కజొన్న పండే మైదానాల సీమ. ఏ దిక్కున చూచినా సముద్రానికి వందలాది మైళ్ల దూరం. అటువంటి చోట పుట్టిన బాలుడు నౌకాచరిత్రలో ఒక అధ్యాయానికి నాయకుడు కావడం విచిత్రమే.

ఆయన యౌవనం మోటారు కార్ల తొలి కాలంతో కలిసి నడిచింది. ఆనాడు కారు నడపడమంటే చక్రం త్రిప్పడం మాత్రమే కాదు. దారిలో ఏ భాగం విరిగినా అక్కడే విప్పి, మరమ్మతు చేసి, మరల బిగించగలిగినవాడే డ్రైవరు. ఈలీ కొంతకాలం ఒక కాథలిక్ మతాచార్యుని వద్ద కారు నడిపాడు. వేగమంటే ఆ మతాచార్యునికి కూడ మక్కువ ఉండడం వల్ల యువకుని ఉత్సాహానికి అడ్డు లేకపోయింది. తరువాత ఈలీ పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, కార్ల అమ్మకంలోను, పందాలలోను ప్రవేశించాడు. 1907లో మేబెల్ హాల్ అనే యువతిని వివాహమాడాడు. ఆ దంపతులు కొంతకాలానికి ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరానికి తరలివెళ్లారు.

1910లో ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన అక్కడనే జరిగింది. ఆ నగరంలో హెన్రీ వెమ్మె అనే వర్తకుడు కార్ల వ్యాపారం చేసేవాడు. ఆయన గ్లెన్ కర్టిస్ అనే ప్రసిద్ధ నిర్మాత తయారుచేసిన విమానాన్ని ఒకదానిని కొనుగోలు చేశాడు. కొన్నాడే గాని దానిని ఎగురవేయడం ఆయనకు తెలియదు. వెమ్మె వద్ద పనిచేస్తున్న ఈలీ, కారు నడపడం తెలిసినవానికి విమానం నడపడం ఎంతటి పని అని భావించి ముందుకు వచ్చాడు. ఫలితం మనం ఊహించగలిగినదే. విమానం కూలిపోయింది. ఈలీ ప్రాణాలతో బయటపడ్డాడు.

ఈ ఘట్టంలో ఆయన ప్రవర్తన గమనింపదగినది. ఇతరుని సొత్తు తన చేతిలో పాడైనదన్న బాధతో ఆయన ఆ శిథిలాలను తానే వెల యిచ్చి కొన్నాడు. ఆనాటి కర్టిస్ విమానం చెక్క చట్రాలు, వెదురు బొంగులు, బిగించిన తీగలు, వాటిపై పరచిన వస్త్రం - వీటి సమాహారం. ఇంజను, దానికి తగిలించిన ప్రొపెల్లరు చోదకుని వీపు వెనుక ఉండేవి. చోదకుడు ముందు భాగంలో ఏ మరుగూ లేకుండ గాలికి ఎదురుగా కూర్చునేవాడు. ఈలీ ఆ భాగాలనన్నింటిని ఒక్కొక్కటిగా సరిచేసి, కొత్తవి అమర్చి, విమానాన్ని పునర్నిర్మించాడు. పిదప గురువంటూ లేకుండ దాని మీదనే ఎగరడం అభ్యసించాడు. ఏ తీగ ఎంత బరువు ఓర్చునో, ఏ కీలు ఎక్కడ సడలునో చేతులతో తెలుసుకున్న జ్ఞానం ఆయనకు అబ్బింది. ఆ జ్ఞానమే ఆయనకు పెట్టుబడి అయినది.

ఆ ఏడాది జూన్ మాసంలో మినియాపొలిస్ నగరంలో జరిగిన వైమానిక ప్రదర్శనలో ఈలీ స్వయంగా కర్టిస్‌ను కలుసుకున్నాడు. యువకుని నేర్పు గ్రహించిన కర్టిస్ ఆయనను తన ప్రదర్శన బృందంలో చేర్చుకున్నాడు. 1910 అక్టోబరు 5వ తేదీన ఈలీకి అమెరికా ఏరో క్లబ్బు వారి 17వ నంబరు చోదక పత్రం లభించింది.

బర్మింగ్‌హామ్ నుండి ఆకాశానికి

ఆ కాలంలో నౌకాదళాల పెద్దలకు విమానమంటే జాతరలో చూపే వింత వస్తువు. పెద్ద ఫిరంగులు మోసే యుద్ధనౌకలే సముద్రానికి అధిపతులన్న విశ్వాసం అంతటా స్థిరపడి ఉన్నది. అయితే అమెరికా నౌకాదళంలో కెప్టెన్ వాషింగ్టన్ ఇర్వింగ్ ఛాంబర్స్ అనే అధికారి ఇందుకు భిన్నంగా ఆలోచించాడు. వైమానిక విషయాలను పరిశీలించే బాధ్యత 1910లో ఆయనకు అప్పగించబడింది. ఆయన తర్కం సరళమైనది. ఓడ స్తంభం మీద నిలిచిన కాపలావాని చూపు దిగంతం దాటిపోదు. అదే ఓడ నుండి ఒక విమానం లేచి వెళ్లగలిగితే ఆ చూపు అనేక మైళ్ల దూరం విస్తరిస్తుంది. శత్రువు జాడ ముందు తెలిసినవానిదే సముద్రయుద్ధంలో పైచేయి.

ఆలోచన ఉన్నది గాని ఛాంబర్స్ చేతిలో విమానం లేదు, చోదకుడు లేడు, ధనం లేదు. ఆయన మొదట రైట్ సోదరులను అభ్యర్థించగా, ఓడ మీది నుండి ఎగరడం అత్యంత ప్రమాదకరమని భావించి వారు నిరాకరించారు. అటు పిమ్మట ఈలీని కలిసినప్పుడు ఆ యువకుడు ఏ ప్రతిఫలం కోరకుండ అంగీకరించాడు. వర్జీనియా తీరంలోని నార్ఫోక్ నౌకా కర్మాగారంలో బర్మింగ్‌హామ్ అనే తేలికపాటి క్రూయిజరు ముందు భాగాన చెక్కలతో ఒక అరుగు నిర్మించారు. దాని పొడవు 83 అడుగులు, వెడల్పు 24 అడుగులు. ఓడ ముక్కు వైపునకు అది కొంచెం వాలుగా ఉన్నది. దాని కొస నుండి నీటి వరకు గల ఎత్తు సుమారు 37 అడుగులు మాత్రమే.

1910 నవంబరు 14వ తేదీన హాంప్టన్ రోడ్స్ జలాలలో ఆ ప్రయోగం జరిగింది. ఉదయం నుండి వాతావరణం ప్రతికూలంగా ఉన్నది. వడగండ్లతో కూడిన జల్లులు కురుస్తున్నవి, మబ్బులు తక్కువ ఎత్తున కమ్మి ఉన్నవి. ఓడ గాలికి ఎదురుగా ప్రయాణం చేస్తూ ఉండగా విమానం లేవవలెనన్నది ఏర్పాటు. అట్లు చేసినచో ఓడ వేగం కూడ విమానానికి తోడ్పడుతుంది. కాని మరల వాన వచ్చే సూచనలు కనిపించడంతో ఈలీ ఆగలేదు. మధ్యాహ్నం మూడు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు, ఓడ ఇంకను కదలకముందే, ఇంజనును పూర్తి వేగానికి తెచ్చి విమానాన్ని వదలమని సంజ్ఞ చేశాడు.

అరుగు మీద విమానానికి దొరికిన పరుగు 57 అడుగులు. చెక్కల అంచు దాటగానే అది సూటిగా నీటి వైపు దిగజారింది. చూచేవారు నిశ్చేష్టులైనారు. చక్రాలు నీటిని తాకినవి, ప్రొపెల్లరు కొసలు అలలకు తగిలి చీలిపోయినవి, ఉప్పునీటి తుంపరలు కళ్లద్దాలను కప్పివేసినవి. అయినను విమానం మరల పైకి లేచింది. ప్రొపెల్లరు దెబ్బ తినడం వల్ల ఇంజను కంపిస్తూ ఉండగా, దారి స్పష్టంగా కానరాక, నీటి భయంతో ఈలీ సమీపంలో కనిపించిన నేల కోసం వెదికాడు. సుమారు అయిదు నిమిషాలలో రెండున్నర మైళ్ల దూరం పయనించి, విల్లోబీ స్పిట్ అనే ఇసుక ఒడ్డున క్షేమంగా దిగాడు. నౌకా కర్మాగారం దాక పోవలెనన్నది ఆయన సంకల్పం. అది నెరవేరలేదని ఆయన చింతించాడు. ఛాంబర్స్‌కు మాత్రం ఆ అయిదు నిమిషాలే చాలినవి. ఓడ మీది నుండి విమానం లేవగలదని లోకానికి తెలిసిపోయింది.

ఆకాశం నుండి పెన్సిల్వేనియాకు

లేచిన విమానం మరల ఓడకు చేరలేకపోయినచో ఆ విద్య సగం విద్యయే అవుతుంది. నట్టనడి సముద్రంలో తీరం కానరాని చోట, లేచిన ప్రతి విమానాన్ని నీటిపాలు చేయడం సాధ్యం కాదు. కనుక రెండవ ప్రశ్న మొదటిదాని కంటె ముఖ్యమైనది. గంటకు 40 మైళ్ల వేగంతో వచ్చే, సుమారు వెయ్యి పౌన్ల బరువుగల యంత్రాన్ని నూరు అడుగుల లోపల ఆపడం ఎట్లు? ఆనాటి విమానాలలో అంత త్వరగా ఆపగలిగిన బ్రేకులు లేవు.

దీనికి దొరికిన పరిష్కారం ఏ శాస్త్ర పరిశోధనాలయంలోనూ పుట్టినది కాదు. పెన్సిల్వేనియా అనే సాయుధ క్రూయిజరు వెనుక భాగాన, కాలిఫోర్నియాలోని మేర్ ఐలండ్ కర్మాగారం వారు సుమారు 120 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు గల చెక్కల అరుగు నిర్మించారు. దాని మీద అడ్డంగా 22 త్రాళ్లు పరచారు. ఒక్కొక్క త్రాటికి రెండు కొసలందు 50 పౌన్ల ఇసుక సంచులు కట్టారు. విమానం చక్రాల కింద తగులుకోకుండ, దాని అడుగున అమర్చిన కొక్కెములకు చిక్కునట్లు త్రాళ్లను అరుగు కంటె కొంచెం ఎత్తున నిలిపారు. విమానం గురి తప్పితే పట్టుకోవడానికి అరుగు చివర, ప్రక్కల గుడారపు గుడ్డలు కట్టారు. కర్టిస్ బృందంలోని హ్యూ రాబిన్సన్ సర్కసు విద్యలు తెలిసినవాడనీ, పరుగెత్తే వాహనాన్ని ఆపే ఈ కొక్కెముల ఉపాయంలో ఆయన పాత్ర ఉన్నదనీ చెబుతారు.

ఈ ఏర్పాటు మర్మం మన పల్లెల వారికి సులభంగా బోధపడుతుంది. దుడుకు పశువు పరుగు తీయకుండ దాని మెడకు గుదిబండ కట్టడం మనకు తెలిసినదే. బండను ఈడ్చుకొనిపోయే పశువు దానంతట అదే నెమ్మదిస్తుంది. ఇక్కడ కూడ అంతే. కొక్కెం మొదటి త్రాటిని పట్టినప్పుడు నూరు పౌన్ల బరువు వెంట వస్తుంది. రెండవ త్రాటితో మరి నూరు, మూడవ దానితో మరి నూరు. ఇట్లు బరువు క్రమక్రమంగా పెరగడం వల్ల విమానం ఒక్కసారిగా కుదుపునకు లోనై విరిగిపోదు, మెత్తగా ఆగుతుంది. ఆపడమంటే ఒక్క దెబ్బతో అడ్డుకోవడం కాదు, వేగాన్ని కొంచెం కొంచెంగా హరించడం. ఈ సూత్రమే తరువాతి నిర్మాణ చరిత్రకంతటికీ మూలాధారం.

1911 జనవరి 18వ తేదీ ఉదయం పెన్సిల్వేనియా నౌక శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరు వేసి నిలిచి ఉన్నది. ఇరుకైన ఆ జలాలలో ఓడను నడిపించడం శ్రేయస్కరం కాదని కెప్టెన్ పాండ్ నిర్ణయించాడు. దాని ఫలితంగా ఓడ వేగం సాయపడకపోగా, దిగే విమానానికి గాలి వెనుక నుండి వీచే పరిస్థితి ఏర్పడింది. వెనుకగాలి విమాన వేగాన్ని మరికొంత పెంచుతుంది. అందువల్ల ఆపడం మరింత దుస్సాధ్యం. సమీపంలోని టాన్‌ఫొరాన్ పందెపు మైదానం నుండి ఈలీ బయలుదేరాడు. తలకు ఫుట్‌బాల్ ఆటగాళ్లు ధరించే మెత్తని శిరస్త్రాణం, నీట పడితే తేలడానికి భుజాల చుట్టూ సైకిలు ట్యూబులు - ఇవే ఆయన రక్షణ సాధనాలు.

పడవలలోను, తీరం మీద వేలాది జనం చూస్తున్నారు. భార్య మేబెల్ ఆ ఓడ మీదనే నిలిచి ఉన్నది. పదకొండు గంటలు దాటిన వెంటనే ఈలీ ఓడ వెనుక వైపు నుండి వచ్చి, అరుగు అంచుకు చేరువలో ఇంజను ఆపివేశాడు. వెనుకగాలి విమానాన్ని నేలకు దిగనీయక ముందుకు నెట్టింది. మొదటి పదకొండు త్రాళ్లు కొక్కెములకు చిక్కకుండానే గడిచిపోయినవి. పండ్రెండవ త్రాడు చిక్కింది. దాని వెనుక మరికొన్ని చిక్కినవి. ఇసుక సంచులు చెక్కల మీద ఈడ్చుకొనిపోతూ ఉండగా విమానం మెత్తగా నిలిచిపోయింది. అరుగు మీద ఇంకను సుమారు 50 అడుగుల స్థలం మిగిలి ఉన్నది. ఒక్క భాగం కూడ విరగలేదు.

ఈలీ దంపతులు కెప్టెన్‌తో కలిసి భోజనం చేస్తూ ఉండగా నావికులు త్రాళ్లు తొలగించి, విమానాన్ని వెనుకకు త్రిప్పి ఉంచారు. దిగిన గంట లోపలనే ఈలీ అదే అరుగు మీది నుండి మరల ఎగిరి, బయలుదేరిన మైదానానికి చేరుకున్నాడు. లేవడం, వాలడం, మరల లేవడం - విమానవాహక నౌక చేయవలసిన పని అంతా ఆ ఒక్క పూటలో, పాతబడిన ఒక క్రూయిజరు మీద, చెక్కలతోను త్రాళ్లతోను ఇసుకతోను జరిగిపోయింది.

దొరకని కొలువు

ఇంతటి కార్యం సాధించినవానికి నౌకాదళం స్వాగతం పలికి ఉద్యోగం ఇచ్చి ఉండునని మనం తలచడం సహజం. ఈలీ కూడ అట్లే ఆశించాడు. నౌకాదళంలో వైమానిక సేవ కోసం ఆయన ఛాంబర్స్‌ను అడిగాడు. వైమానిక శాఖ అంటూ ఏర్పడినప్పుడు తప్పక జ్ఞాపకం ఉంచుకొందునన్న హామీకి మించి ఛాంబర్స్ ఇవ్వగలిగినది లేకపోయింది. నౌకాదళ వైమానిక అవసరాలకు శాసనసభ తొలిసారిగా మంజూరు చేసిన మొత్తం 25,000 డాలర్లు మాత్రమే.

మరొక కారణం కూడ ఉన్నది. ఈలీ వాలిన నెల లోపలనే, 1911 ఫిబ్రవరి 17వ తేదీన, గ్లెన్ కర్టిస్ నీటి మీద దిగగలిగిన విమానంతో పెన్సిల్వేనియా ప్రక్కకే వచ్చి చేరాడు. ఓడలోని క్రేను దానిని పైకెత్తి డెక్కు మీద ఉంచి, మరల నీటిలో దించింది. ఈ విధానానికి చెక్కల అరుగు అవసరం లేదు. అరుగు వల్ల ఫిరంగులకు అడ్డు కలుగుతుందన్న బెడద కూడ లేదు. కనుక నౌకాదళం దృష్టి నీటి విమానాల వైపు మళ్లింది. ఈలీ దిగిన అరుగును విప్పివేశారు. తత్కాలానికి సౌకర్యమైన మార్గం, దూరదృష్టితో కూడిన మార్గాన్ని పదేళ్లపాటు మరుగుపరచింది.

జీవనోపాధి కొరకు ఈలీ ప్రదర్శనలనే ఆశ్రయించవలసి వచ్చింది. ఊరూరా తిరిగి, నాడు ఇక్కడ, రేపు అక్కడ, జనం కోరిన సాహసాలు చేసి చూపడమే ఆ వృత్తి. తోటి వైమానికులు ఒకరి తరువాత ఒకరు మరణిస్తున్నా ఆ మార్గం విడువడానికి వీలు లేని స్థితి. 1911 అక్టోబరు 19వ తేదీన జార్జియా రాష్ట్రంలోని మేకన్ నగరంలో జరుగుతున్న సంతలో, వేలాది ప్రేక్షకుల ఎదుట, ఆయన విమానాన్ని నిటారుగా క్రిందికి దింపి తిరిగి లేపబోయాడు. లేపడంలో క్షణకాలం ఆలస్యమైంది. విమానం నేలను ఢీకొన్నది. ఈలీ దాని నుండి దూకినను మెడ విరిగి, కొద్ది నిమిషాలలో మరణించాడు. మరి రెండు దినాలు గడిచి ఉన్నచో ఆయనకు ఇరవై అయిదేళ్లు నిండేవి.

అటు పిమ్మట జరిగినది హృదయవిదారకం. గుంపు విరుచుకుపడి, జ్ఞాపక చిహ్నాల కొరకు విమాన శకలాలను ఏరుకొనిపోయింది. ఆయన చేతి తొడుగులు, టోపీ కూడ మిగలలేదు. కూలిన విమానపు ముక్కలను బాధ్యతతో కొని, మరల ఎగిరేటట్లు చేసినవాని చివరి విమానం ముక్కలు ఈ విధంగా వేడుక వస్తువులైపోయినవి. ప్రభుత్వం ఆయనను స్మరించడానికి ఇరవై ఒక్క ఏళ్లకు పైగా పట్టింది. 1933 ఫిబ్రవరిలో ఆయనకు మరణానంతరం విశిష్ట వైమానిక పతకం ప్రకటించారు.

ఆయన అనంతరం

ఈలీ చూపిన బాట వెంటనే రాజమార్గం కాలేదు. ప్రథమ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు నౌకాదళం ఆ ప్రయత్నాన్ని మరల చేపట్టింది. 1917 ఆగస్టు 2వ తేదీన స్కాపాఫ్లో వద్ద ఎడ్విన్ డన్నింగ్ అనే యువ అధికారి, నడుస్తున్న ఫ్యూరియస్ నౌక మీద దిగాడు. అక్కడ త్రాళ్లూ కొక్కెములూ లేవు. తోటి అధికారులు పరుగెత్తివచ్చి విమానాన్ని చేతులతో పట్టుకున్నారు. అయిదు దినాల తరువాత మరొక ప్రయత్నంలో విమానం ప్రక్కకు జారి సముద్రంలో పడి డన్నింగ్ మరణించాడు. ఆపే సాధనం లేని దిగుడు ఎంతటి ప్రమాదమో ఆ దుర్ఘటన చాటింది. 1918లో ఆర్గస్ అనే నౌకను ఏ అడ్డూ లేని సమతలమైన డెక్కుతో సిద్ధపరచారు.

విమానం ప్రక్కకు జారకుండ బ్రిటిషువారు డెక్కు మీద తీగలను పొడవునా, అనగా ఓడ వెనుక నుండి ముందునకు అమర్చి చూచారు. వాటి వల్ల విమానాలు చెడిపోవడం అధికమై, కొంతకాలానికి ఆ పద్ధతి మానుకున్నారు. అమెరికాలో బొగ్గు మోసే ఓడను మార్చి 1922లో లాంగ్లీ అనే విమానవాహక నౌకను నిర్మించినప్పుడు పొడవు తీగలతో పాటు అడ్డ తీగలను కూడ అమర్చారు. 1930 ప్రాంతం వచ్చేసరికి ఉభయ దేశాలలోను నిలిచినవి అడ్డ తీగలే. త్రాడు స్థానంలో ఉక్కు తీగ వచ్చింది. ఇసుక సంచి స్థానంలో డెక్కు క్రింద నూనె ఒత్తిడితో పనిచేసే యంత్రం వచ్చింది. విమానం తోకకు కొక్కెం వచ్చింది. ఆకారం మారినను ఆలోచన మారలేదు. అడ్డంగా పరచిన త్రాడు, దానిని పట్టే కొక్కెం, వేగాన్ని క్రమంగా హరించే బరువు - ఈ మూడును ఈలీ దిగిన అరుగు మీద ఉన్నవే.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జెట్ విమానాలు రావడంతో వేగం ఎంతో పెరిగింది. అప్పుడు బ్రిటిషు అధికారులు, ఇంజనీర్లు మూడు నూతన కల్పనలు చేశారు. దిగే దారిని ఓడ మధ్యరేఖకు కొంచెం ఏటవాలుగా మార్చిన డెక్కు, వడిసెల రాతిని విసరినట్లు విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కాటపల్టు, దిగే కోణాన్ని చోదకునికి చూపే అద్దం - ఇవి ఆ మూడు. ఏటవాలు డెక్కు వల్ల, కొక్కెం తీగను పట్టలేకపోయిన విమానం ముందున్న విమానాలను ఢీకొనకుండ మరల ఎగిరిపోవచ్చును.

ఈ నౌకల జీవనాడి విడిభాగాలలో ఉన్నది. భూమి మీది విమానాశ్రయానికి కావలసిన వస్తువును లారీ మీద తెప్పించుకోవచ్చును. నడి సముద్రంలో ఆ అవకాశం లేదు. అందుచేత ఇంజన్లు, చక్రాలు, ప్రొపెల్లర్లు, వర్క్‌షాపులు అన్నీ ఓడలోనే ఉండవలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికా నౌకలలో స్థలం చాలక విడి విమాన భాగాలను హాంగరు కప్పుకు వ్రేలాడగట్టేవారు. అడ్డ తీగ సయితం శాశ్వతం కాదు. నిర్ణీతమైన సంఖ్యలో విమానాలు దిగిన పిదప, తెగకముందే, దానిని తీసివేసి కొత్తది వేస్తారు. తెగిన తీగ డెక్కు మీది మనుషులను కొరడా వలె కొట్టి ప్రాణాలు తీస్తుంది. చిన్న భాగాన్ని అశ్రద్ధ చేసినచో పెద్ద నౌక నిరర్థకమవుతుంది.

మన నౌకలు

ఈ సత్యం మన దేశ చరిత్రలో కూడ రుజువైనది. బ్రిటన్‌లో హెర్క్యులిస్ పేరుతో ప్రారంభమై అసంపూర్ణంగా నిలిచిపోయిన నౌకను భారత ప్రభుత్వం 1957లో కొని, బెల్‌ఫాస్ట్ నగరంలో పూర్తి చేయించింది. 1961 మార్చి 4వ తేదీన అది విక్రాంత్ పేరుతో మన నౌకాదళంలో చేరింది. ఏటవాలు డెక్కు, ఆవిరి కాటపల్టు, అడ్డ తీగలు మూడును దానికి ఉన్నవి. 1971 యుద్ధానికి ముందు దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లు వారింది. ఓడ వేగం తగ్గితే డెక్కు మీద ఎదురుగాలి తగ్గుతుంది. ఎదురుగాలి తగ్గితే జెట్ విమానాలు లేవడం, దిగడం కష్టమవుతుంది. నిశ్చలంగా నిలిచిన ఓడ మీద వెనుకగాలిలో దిగిన ఈలీ ఎదుర్కొన్న చిక్కు సరిగా ఇదే. అయినను మన సాంకేతిక నిపుణులు బాయిలరు చుట్టూ ఉక్కు పట్టీలు బిగించి, తగ్గిన వేగంతోనే నౌకను యుద్ధానికి పంపారు. డిసెంబరు 4వ తేదీ నుండి విక్రాంత్ విమానాలు కాక్స్‌బజారు, చిట్టగాంగు స్థావరాలపై దాడులు జరిపినవి. ఆ నౌకను వెదకుతూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి మన విశాఖపట్టణం రేవు ముంగిట మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ దీవుల వైపు ఉన్నది.

విక్రాంత్ 1997 జనవరి 31వ తేదీన సేవ నుండి విరమించింది. 2014లో దానిని విడగొట్టడం ప్రారంభమైనది. ఆ ఉక్కులో కొంత మోటారు సైకిళ్ల తయారీలో కలిసింది. అదే పేరుతో కొచ్చిన్ షిప్‌యార్డులో మన దేశంలోనే నిర్మితమైన కొత్త నౌక 2022 సెప్టెంబరు 2వ తేదీన నౌకాదళంలో చేరింది. 2023 ఫిబ్రవరిలో దాని మీద స్వదేశీ తేజస్ నౌకా విమానం దిగింది. ఆ విమానపు తోక కొక్కెం డెక్కు మీది తీగను పట్టి నిలిచిన ఆ క్షణంలో 1911 నాటి పండ్రెండవ త్రాడే మరల పనిచేసింది.

ఈలీకి పెద్ద పట్టాలు లేవు, పదవి లేదు, ఆయన కోరిన కొలువు కూడ దక్కలేదు. చేతిలో పాడైన వస్తువుకు తానే బాధ్యత వహించడం, దానిని విప్పి తెలుసుకోవడం, తెలిసినదానిని అవసరమైన వేళ ప్రతిఫలం కోరకుండ వినియోగించడం - ఇవి ఆయన సంపద. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలో ఒక చిన్న మరను బిగించేటప్పుడు, పాలిటెక్నిక్‌లో చేరిన మిత్రులు నూనె మరకల చేతులతో ఇంజను విప్పేటప్పుడు తమ పని అల్పమైనదని తలపకూడదు. మహానౌకలు చిన్న కొక్కెముల మీదనే ఆధారపడి ఉన్నవి. నైపుణ్యం గలవానిని బ్రతికి ఉండగానే గుర్తించి నిలుపుకోవడం సంస్థల ధర్మం. ఆ ధర్మం సకాలంలో నెరవేరనందువల్ల లోకం ఒక నిపుణుని ఇరవై అయిదేళ్లు నిండకుండానే కోల్పోయింది. ఆయన నేర్పిన విద్య మాత్రం నౌకలున్నంత కాలం నిలిచి ఉంటుంది.